ఇంగ్లీషులో మర్యాదగా అడగడం: గోదావరి జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లు, గల్ఫ్‌కో బ్రిటన్‌కో బయల్దేరుతున్నవాళ్లు, రొయ్యల ఎగుమతి ఆఫీసుల్లో మెయిళ్లు రాసేవాళ్లు, పాపికొండల బోట్ల దగ్గరా లాడ్జీల్లోనూ పనిచేసేవాళ్లు ఎక్కువగా అడిగేవి ఇక్కడ చేర్చాం. ఇంగ్లీషు వాక్యాల్ని పైకి చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలోనే ఇచ్చాం.

మేం చంటిపిల్లల్ని కూడా "అండి" అని పిలిచే రకం. ఇంగ్లీషులో మాట్లాడితే మాత్రం దురుసుగా ఉందంటున్నారు. ఎందుకు?

మన మర్యాదంతా మాట చివర ఉంటుంది. "బస్సెప్పుడండీ?", "మేనేజరు గారున్నారాండీ?", "ఎంతండీ?" ప్రశ్న ఎంత పొట్టిదైనా చివర "అండి" తగిలిస్తే పని అయిపోతుంది. ఇంగ్లీషులో ఆ చివరి చోటు ఖాళీ. "నువ్వు"కీ "మీరు"కీ ఒకటే "యూ". పేరు పక్కన "గారు" ఉండదు. అందుకే "వేర్ ఈజ్ ద మేనేజర్?" అన్నప్పుడు మన మనసులో "మేనేజరు గారెక్కడండీ" అనే ఉంటుంది గానీ, అవతలివాళ్ల చెవిన పడేది "మేనేజరెక్కడ?" అన్న మొండి ప్రశ్నే.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు మర్యాదను వాక్యం మొదట్లోనే పెట్టేస్తారు. "కుడ్ యూ టెల్ మీ", "డూ యూ నో", "వుడ్ యూ మైండ్" లాంటి మాటలు ముందొచ్చి, అసలు ప్రశ్న వాటి వెనకాల వస్తుంది. మనవాళ్లు ముందు ప్రశ్న అడిగేసి, మర్యాద ఎక్కడ తగిలించాలా అని చివర్లో వెతుక్కుంటారు, దొరక్క "సార్" అంటారు. "వాట్ ఈజ్ ద రేట్ సార్?" మన ఊళ్లో చెల్లుతుంది. బయటిదేశంలో "సార్" వినబడుతుంది, ప్రశ్న మాత్రం మొండిగానే ఉంటుంది.

"ప్లీజ్" కలిపితే చాలదా?

హోటల్లో చాలు. "టూ టీస్, ప్లీజ్" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. పని చెప్పేటప్పుడు చాలదు. "సెండ్ మీ ద ఫైల్, ప్లీజ్" అన్నది కాస్త మెత్తబడిన ఆజ్ఞ, అంతే. అవతలివాళ్లకి కాదనే వీలు ఇవ్వలేదు కదా. "కుడ్ యూ సెండ్ మీ ద ఫైల్, ప్లీజ్?" అంటే ఆ వీలు ఇచ్చినట్టు. "కైండ్లీ" సంగతి కూడా ఇంతే: మన ఆఫీసుల్లో మామూలు మాట, అమెరికా, బ్రిటన్‌లలో మాత్రం బ్యాంకు నోటీసులా చదువుకుంటారు.

ఇండైరెక్ట్ ప్రశ్నలో, అంటే మర్యాద మాట ముందు పెట్టి అడిగేదాంట్లో, మాటలు ఏ వరసలో రావాలి? ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడేనంటారు.

నిజమే. ఇది కుదిరితే మిగిలిన సగం దానంతటదే కుదురుతుంది.

మామూలు ప్రశ్న: "వేర్ ఈజ్ ద టికెట్ కౌంటర్?" ఇందులో "ఈజ్" ముందుకు దూకి కర్తకు ముందు కూర్చుంది. ప్రశ్న అని తెలిసేది దాంతోనే. ఇప్పుడు ముందు "కుడ్ యూ టెల్ మీ" పెట్టాం. "కుడ్" అప్పటికే "యూ" కంటే ముందుకు దూకేసింది, కాబట్టి వాక్యం మొత్తానికీ ప్రశ్న రూపం వచ్చేసింది. రెండోసారి దూకించే పని లేదు. అందుకే "ఈజ్" తన చోటుకి వెనక్కి వెళ్తుంది: "కుడ్ యూ టెల్ మీ వేర్ ద టికెట్ కౌంటర్ ఈజ్?"

వరస ఇది: మర్యాద మాట, ఆపై ప్రశ్న పదం, ఆపై కర్త, ఆపై క్రియ. "విల్", "కెన్", "హ్యావ్" ఉన్నా పద్ధతి మారదు.

"హౌ మచ్ విల్ ఇట్ కాస్ట్?" కాస్తా "కుడ్ యూ టెల్ మీ హౌ మచ్ ఇట్ విల్ కాస్ట్?" అవుతుంది.
"వెన్ కెన్ ఐ కలెక్ట్ ద రిపోర్ట్?" కాస్తా "కుడ్ యూ టెల్ మీ వెన్ ఐ కెన్ కలెక్ట్ ద రిపోర్ట్?" అవుతుంది.
"వెన్ వాజ్ ద ధవళేశ్వరం ఆనికట్ కంప్లీటెడ్?" కాస్తా "డూ యూ నో వెన్ ద ధవళేశ్వరం ఆనికట్ వాజ్ కంప్లీటెడ్?" అవుతుంది. కాటన్ మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్లు ఇలా అడిగితే "ఇన్ 1852" అని చెప్పండి.

తెలుగువాళ్లకి దీనికో గుర్తు ఉంది, వేరే పాఠం అక్కర్లేదు. మనం కూడా మర్యాదగా అడిగితే "కౌంటరెక్కడ?" అనం, "కౌంటరు ఎక్కడుందో చెప్తారా?" అంటాం. ఆ "ఉందో", "వస్తుందో", "అవుతుందో"లోని "ఓ" వినబడిన ప్రతిచోటా ఇంగ్లీషులో క్రియను ముందుకు తేకూడదు. "వేర్ ఈజ్", "వాట్ ఈజ్" అని బళ్లో పదేపదే వల్లించడం వల్ల ఆ రెండు మాటలూ అంటుకుపోయి ఉంటాయి. వాటిని విడదీయడమే సాధన.

చిన్న జాగ్రత్త ఇంకోటి. వాక్యం చివర "ఈజ్" మిగిలినప్పుడు దాన్ని ముందు మాటలో కలిపేయకూడదు. "డూ యూ నో వేర్ ఇట్స్?" అనరు. "వేర్ ఇట్ ఈజ్?" అని విడిగా పలకాలి.

"డూ", "డజ్", "డిడ్" ఎక్కడికి పోతాయి?

మాయమవుతాయి, కానీ అవి మోస్తున్న కాలాన్ని క్రియకి అప్పగించి పోతాయి. "వాట్ టైమ్ డజ్ ద బోట్ లీవ్?" ప్రశ్నలో "డజ్" పోతే, దానిలోని "స్" వచ్చి "లీవ్"కి తగులుకుంటుంది: "కుడ్ యూ టెల్ మీ వాట్ టైమ్ ద బోట్ లీవ్స్?" ఆ చివరి "స్" మింగేయడం మనవాళ్ల అలవాటు. "డిడ్" పోతే క్రియ భూతకాలంలోకి వెళ్తుంది: "వెన్ డిడ్ దే క్లోజ్ ద హేవ్‌లాక్ బ్రిడ్జ్?" కాస్తా "డూ యూ నో వెన్ దే క్లోజ్డ్ ద హేవ్‌లాక్ బ్రిడ్జ్?" అవుతుంది. (రాజమహేంద్రవరం దగ్గరి పాత రైలు వంతెన అది. దాని మీద రైళ్లు ఆగిపోయింది 1997లో.)

"కాదు, లేదు" అర్థం ఉన్నప్పుడు మాత్రం "డజంట్", "డోంట్", "డిడంట్" మిగిలిపోతాయి: "డూ యూ నో వై ద ఎక్స్‌ప్రెస్ డజంట్ స్టాప్ హియర్?"

ప్రశ్న పదమే లేకపోతే? "మేనేజరు గారున్నారా" లాంటివి.

"ఇఫ్" గానీ "వెదర్" గానీ పెట్టాలి. "ఈజ్ ద మేనేజర్ ఇన్?" కాస్తా "కుడ్ యూ టెల్ మీ ఇఫ్ ద మేనేజర్ ఈజ్ ఇన్?" అవుతుంది. తెలుగులో "ఉన్నారో లేదో" అని వచ్చే చోటల్లా ఇదే. మాటల్లో "ఇఫ్" ఎక్కువ, రాతలో "వెదర్" ఎక్కువ. రెండు దారుల్లో ఒకటి తేల్చమన్నప్పుడు "వెదర్" స్పష్టంగా ఉంటుంది: "కుడ్ యూ టెల్ మీ వెదర్ ద బస్ గోస్ వయా రావులపాలెం ఆర్ వయా తణుకు?" "వెదర్ ఆర్ నాట్" అని ఆ మూడు మాటలూ పక్కపక్కనే అనొచ్చు, "ఇఫ్"తో అలా అనకూడదు.

"ఐ వాంట్ టు నో దట్ వెన్ ద రిజల్ట్స్ విల్ కమ్" అంటే తప్పేముంది?

"దట్" దండగ. "ఎప్పుడొస్తాయి అని" అనే ఆలోచనలోని "అని" ఇంగ్లీషులోకి దూరి "దట్" అయింది. ప్రశ్న పదం ఉన్నచోట "దట్" రాదు, "ఇఫ్" ముందూ రాదు. పైగా "ఐ వాంట్ టు నో" కొంచెం నిలదీసినట్టుంటుంది. "ఐ'డ్ లైక్ టు నో వెన్ ద రిజల్ట్స్ విల్ కమ్" అనండి.

ఇదే కుటుంబానికి చెందిన తప్పులు మరో రెండు: "సే మీ", "ఎక్స్‌ప్లెయిన్ మీ". మొదటిది "టెల్ మీ" కావాలి, రెండోది "ఎక్స్‌ప్లెయిన్ టు మీ" కావాలి.

"హూ కాల్డ్?" లాంటి ప్రశ్నల్ని ఎలా తిప్పాలి?

తిప్పక్కర్లేదు. ప్రశ్న పదమే కర్త అయితే వరస ముందే సరిగ్గా ఉంది. "డూ యూ నో హూ కాల్డ్?", "కుడ్ యూ టెల్ మీ వాట్ హ్యాపెండ్?"

మర్యాద మాటలు చాలా ఉన్నాయి. ఎవరి దగ్గర ఏది వాడాలి?

ఎవరి దగ్గర అని కాదు, ఎంత పని అడుగుతున్నాం అని చూడాలి. మనకి మర్యాద వయసును బట్టి, వరసను బట్టి, హోదాను బట్టి మారుతుంది. పెద్దాయన్ని టైమెంతని అడిగినా "అండి" ఉండాలి, తమ్ముణ్ణి లక్ష అప్పడిగినా ఉండక్కర్లేదు. ఇంగ్లీషులో అవతలివాళ్లకి కలిగించే శ్రమను బట్టి వాక్యం పొడవు పెరుగుతుంది. పై అధికారిని టైమ్ అడగడానికి చిన్న మాట చాలు, దగ్గరి స్నేహితుణ్ణి రెండు రోజులు బండి అడగాలంటే పెద్ద మాట కావాలి.

దారిన పోయేవాళ్లని అడిగేటప్పుడు "డూ యూ నో" బాగుంటుంది. తెలియకపోతే తెలియదనే వీలు వాళ్లకి ఉంటుంది. "ఎక్స్‌క్యూజ్ మీ, డూ యూ నో వేర్ ద ఫెర్రీ టు సఖినేటిపల్లి లీవ్స్ ఫ్రమ్?" (మన పంటును బయటివాళ్లకి "ఫెర్రీ" అంటేనే తెలుస్తుంది.) అదే మాట టికెట్ కిటికీ దగ్గర కూర్చున్న ఉద్యోగితో అంటే "నీకు నీ పని తెలుసా" అన్నట్టు ధ్వనించే ప్రమాదం ఉంది. చెప్పడమే వాళ్ల ఉద్యోగం కాబట్టి అక్కడ "కుడ్ యూ టెల్ మీ" అనాలి. తెలిసే అవకాశం తక్కువ అనిపించినప్పుడు "డూ యూ హ్యాపెన్ టు నో".

పని చేసిపెట్టమనేటప్పుడు, చిన్నదైతే "కెన్ యూ", ఇంకాస్త మర్యాద కావాలంటే "కుడ్ యూ". వాళ్ల సమయమో డబ్బో ఖర్చయ్యేదైతే "వుడ్ ఇట్ బీ పాసిబుల్ టు గెట్ ద పేమెంట్ దిస్ వీక్?", "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యూ కుడ్ చెక్ మై రెజ్యూమే." వీటిని మించిన బరువైనవి నేర్చుకోవడం దండగనే మా అభిప్రాయం. నాలుగైదు మాటలు తడుముకోకుండా రావాలి, ఇరవై తెలిసి ఒక్కటీ నోటికి రాకపోతే ఏం లాభం?

పని మనదే అయినప్పుడు ఇంకో పొట్టి దారి ఉంది: ప్రశ్న పదం వెనక "టు". "కుడ్ యూ టెల్ మీ వేర్ టు పే ద ఫీ?", "కుడ్ యూ షో మీ హౌ టు ఫిల్ ఇన్ దిస్ ఫారమ్?" ఇందులో కర్త లేదు, వరస తప్పే బాధా లేదు. కొత్తవాళ్లు ముందు దీంతో మొదలుపెట్టడం మంచిది.

"కెన్ యూ ఏబుల్ టు" సరైనదేనా?

కాదు. "కెన్", "ఏబుల్ టు" రెండూ ఒకే పని చేస్తాయి. "కెన్ యూ సెండ్" అనండి, లేదా "వుడ్ యూ బీ ఏబుల్ టు సెండ్" అనండి.

"వుడ్ యూ మైండ్" అని అడిగితే "యెస్" అన్నాను, అవతలివాళ్లు మొహం మాడ్చుకున్నారు. ఏమైంది?

"వుడ్ యూ మైండ్ మూవింగ్ యువర్ బ్యాగ్?" అంటే "మీ సంచి పక్కకి జరిపితే ఏమైనా అభ్యంతరమా?" అని. "యెస్" అంటే అభ్యంతరం ఉందన్నట్టు. మనం "సరే" అనే ఉద్దేశంతో "యెస్" అంటాం, వాళ్లకి "కుదరదు" అని వినబడుతుంది. ఒప్పుకుంటే "నో, నాట్ ఎట్ ఆల్" అనాలి. ఒప్పుకుంటూ "నో" అనడం ఇబ్బందిగా అనిపిస్తే అది మానేసి "షూర్, నో ప్రాబ్లమ్" అనండి, ఎలా చూసినా తేడా రాదు. తెలుగులో "ఏమీ అనుకోరు కదా?" అంటే "ఏమీ అనుకోనండీ" అంటాం చూడండి, ఆ జవాబు పద్ధతే ఇది.

అడిగేటప్పుడు రెండు రూపాలు. పని వాళ్లు చేయాలంటే "మైండ్" తర్వాత "ఇంగ్" రూపం: "వుడ్ యూ మైండ్ ఓపెనింగ్ ద విండో?" పని మనం చేస్తూ అనుమతి అడుగుతుంటే: "వుడ్ యూ మైండ్ ఇఫ్ ఐ ఓపెన్డ్ ద విండో?" ఇక్కడ "ఓపెన్డ్" భూతకాలంలో ఉంది గానీ అర్థం ఇప్పటిదే. "డూ యూ మైండ్" అంటే మాత్రం "ఇఫ్ ఐ ఓపెన్".

ఇప్పుడే అడుగుతూ "ఐ వాజ్ వండరింగ్" అని జరిగిపోయినట్టు ఎందుకంటారు?

దూరం పెట్టడానికి. భూతకాలంలో చెప్తే అడిగినట్టే ఉంటుంది గానీ ఒత్తిడి ఉండదు. "కెన్" కంటే "కుడ్", "విల్" కంటే "వుడ్" మెత్తగా ఉండడానికీ కారణం అదే. తెలుగులోనూ "ఒక మాట అడుగుదామనుకున్నానండీ" అని మొదలుపెడతాం, అడిగేది ఆ క్షణంలోనే అయినా.

ఎగుమతి మెయిళ్లలో ఏం మార్చాలి?

భీమవరం వైపు ఆఫీసుల మెయిళ్లలో తరచుగా కనబడే వాక్యం "ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్." మర్యాద సంగతి అటుంచి, ఏం చేయాలో అందులో లేదు. పనేంటో చెప్పండి: "కుడ్ యూ సైన్ ద అటాచ్డ్ ఇన్‌వాయిస్ అండ్ సెండ్ ఇట్ బ్యాక్ బై ఫ్రైడే?" జవాబివ్వండి అనే అర్థంలో "రివర్ట్" కూడా వద్దు, "రిప్లై" వాడండి.

"ఐ వుడ్ అప్రిషియేట్ ఇఫ్ యూ కుడ్" అని రాస్తుంటారు. మధ్యలో "ఇట్" పోయింది. "ఐ వుడ్ అప్రిషియేట్ ఇట్ ఇఫ్ యూ కుడ్ కన్ఫర్మ్ ద ఆర్డర్" అన్నది సరైనది.

సందేహం ఉన్నచోట అడగడానికి మొహమాటపడకండి, ముఖ్యంగా కౌంటు దగ్గర. మన చెరువు గట్టు మీద 30 కౌంటు అంటే కిలోకి 30 రొయ్యలు, తలతో సహా. అమెరికా కొనుగోలుదారు "16/20" అని రాస్తే మామూలుగా తల తీసిన రొయ్యలు, పౌనుకి 16 నుంచి 20. పౌను అంటే దాదాపు 454 గ్రాములు. ఈ రెండు లెక్కలూ కలిసిపోతే కంటైనరు వెళ్లాక గొడవ. ముందే ఒక వాక్యం రాస్తే సరిపోతుంది: "కుడ్ యూ ప్లీజ్ కన్ఫర్మ్ వెదర్ ద కౌంట్ ఈజ్ పర్ కిలో ఆర్ పర్ పౌండ్, అండ్ వెదర్ ఇట్ ఈజ్ హెడ్-ఆన్ ఆర్ హెడ్‌లెస్?" ఇలా అడిగితే తెలియనివాళ్లమని అనుకుంటారేమో అన్న భయం వద్దు. పని తెలిసినవాళ్లే ఇలా అడుగుతారు.

డబ్బు గుర్తు చేయాలంటే "వెన్ విల్ యూ పే?" కన్నా "కుడ్ యూ లెట్ అజ్ నో వెన్ వీ కెన్ ఎక్స్‌పెక్ట్ ద పేమెంట్?" నయం. అవతలివాళ్లు రెండు మూడుసార్లు దాటేస్తే మాత్రం సుతిమెత్తని వాక్యాలు కట్టిపెట్టి తారీకు వేసి సూటిగా రాయండి.

కువైట్, మస్కట్ వెళ్తున్నవాళ్లకీ ఇవన్నీ అవసరమా?

ఇళ్లలో పనికి వెళ్లేవాళ్లకి చాలావరకు అక్కర్లేదు, పైగా అడ్డు. అక్కడి యజమానులకీ ఇంగ్లీషు పరాయి భాషే. "ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ ఇట్ వుడ్ బీ పాసిబుల్" అంటే అర్థం కాక విసుక్కుంటారు. పొట్టి వాక్యం, నెమ్మదైన గొంతు, ముందు "ఎక్స్‌క్యూజ్ మీ, మేడమ్" చాలు. "కెన్ ఐ కాల్ మై హోమ్ నౌ?", "కెన్ యూ షో మీ, ప్లీజ్?", "సారీ, ఐ డిడంట్ అండర్‌స్టాండ్. వన్స్ మోర్, ప్లీజ్?" ఈ మూడూ బాగా వస్తే రోజు గడుస్తుంది. జీతం, పాస్‌పోర్టు, ఆసుపత్రి విషయాల్లో మర్యాద కోసం ప్రశ్నను పలచన చేయకండి. "వెన్ విల్ ఐ గెట్ మై శాలరీ?" అని తిన్నగా అడగడం తప్పు కాదు.

హోటళ్లలో, కంపెనీల్లో, ఆసుపత్రుల్లో పనికి వెళ్లేవాళ్ల సంగతి వేరు. వాళ్లకి "కుడ్ యూ", "మే ఐ", "వుడ్ యూ లైక్" రోజూ కావాలి.

నర్సింగ్ వాళ్లం. ఓఈటీ, ఐఈఎల్‌టీఎస్ పరీక్షల్లో ఇవి మార్కులు తెస్తాయా?

ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) స్పీకింగ్‌లో తెస్తాయి. అందులో రెండు రోల్ ప్లేలు ఉంటాయి, ఒక్కోటి ఐదు నిమిషాల దాకా, ముందు రెండు మూడు నిమిషాలు కార్డు చదువుకోవడానికి ఇస్తారు. భాషకే కాకుండా రోగితో ఎలా మాట్లాడారనేదానికీ మార్కులుంటాయి. మనవాళ్లు ఆసుపత్రి అలవాటులో "ఎనీ ఫీవర్? ఎనీ వామిటింగ్?" అని వరసగా అడిగేస్తారు. ముందు రోగి తన మాటల్లో చెప్పే వీలున్న, తెరిచి ఉన్న ప్రశ్న వేయాలి: "కుడ్ యూ టెల్ మీ ఎ బిట్ మోర్ అబౌట్ ద పెయిన్?" ఆ తర్వాత ఒక్కొక్కటీ విడివిడిగా. రెండు ప్రశ్నలు ఒకే వాక్యంలో కుక్కకూడదు. "యూ డోంట్ స్మోక్, డూ యూ?" అని జవాబు నోట్లో పెట్టకూడదు, "మే ఐ ఆస్క్ ఇఫ్ యూ స్మోక్?" అనాలి. ముట్టుకునే ముందు అనుమతి: "ఈజ్ ఇట్ ఆల్‌రైట్ ఇఫ్ ఐ చెక్ యువర్ బ్లడ్ ప్రెషర్ నౌ?"

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, ప్రశ్నలు అడిగేది పరీక్షకులే కాబట్టి మీరు అడిగే అవసరం తక్కువ. వినబడకపోతే "వాట్?" అనకుండా "సారీ, కుడ్ యూ రిపీట్ ద క్వశ్చన్, ప్లీజ్?" అంటే చాలు. ఒకటి రెండుసార్లు అడిగితే నష్టం లేదు.

"ఐ హ్యావ్ ఎ డౌట్" అనకూడదా?

మన దేశంలో అనొచ్చు, అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లకి "నువ్వు చెప్పేది నమ్మను" అన్నట్టు ఉంటుంది. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" లేదా "కెన్ ఐ ఆస్క్ సమ్‌థింగ్?" అనండి.

ఫోనెత్తగానే "యెస్, టెల్ మీ" అంటాం. అది కూడా తప్పేనా?

"ఆయ్, చెప్పండి"కి అది నకలు. తెలుగులో ఎంత ఆప్యాయంగా ఉంటుందో ఇంగ్లీషులో అంత గదమాయింపులా ఉంటుంది. "హలో, హౌ కెన్ ఐ హెల్ప్ యూ?" అనండి. "ఏం కావాలండీ?"ని "వాట్ డూ యూ వాంట్?" చేయకండి, అది పోట్లాటకు దిగినట్టు. కడియం నర్సరీకి బయటి రాష్ట్రం నుంచి ఫోనొస్తే "వాట్ ప్లాంట్స్ ఆర్ యూ లుకింగ్ ఫర్?" లాడ్జిలో "వుడ్ యూ లైక్ ఏసీ ఆర్ నాన్-ఏసీ?" ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలంటే "హూ ఈజ్ దిస్?" బదులు "మే ఐ నో హూ ఈజ్ కాలింగ్, ప్లీజ్?" ఇందులో "హూ" కర్త కాబట్టి "ఈజ్" అక్కడే ఉంటుంది. 2027 గోదావరి పుష్కరాలకు బయటి భాషల యాత్రికులు వస్తారు, ఘాట్ల దగ్గర పనిచేయబోయేవాళ్లు ఇప్పటినుంచే ఈ నాలుగు వాక్యాలూ నోటికి ఎక్కించుకోవచ్చు.

మర్యాదగా అడిగితే ఏదైనా అడగొచ్చా? జీతం, పెళ్లి, పిల్లలు?

అడగకూడనిది ఏ మాట చుట్టి అడిగినా అడగకూడనిదే. "కుడ్ యూ టెల్ మీ హౌ మచ్ యూ ఎర్న్?" వ్యాకరణం నిక్షేపంగా ఉంది, ప్రశ్న బాగాలేదు. మనకి "పిల్లలెంతమందండీ?" పలకరింపు. విదేశీయులకి కొత్త పరిచయంలో అది ఆరా. వాళ్లంతట వాళ్లు ఎత్తితే, "ఇఫ్ యూ డోంట్ మైండ్ మై ఆస్కింగ్" అని మొదలుపెట్టి ఒక్క ప్రశ్నతో ఆపేయండి. ముక్కూమొహం తెలియనివాళ్లని "అంకుల్", "ఆంటీ" అనడం కూడా అక్కడ నడవదు, "ఎక్స్‌క్యూజ్ మీ" చాలు.

గొంతు ఎలా ఉండాలి?

"కుడ్ యూ టెల్ మీ", "డూ యూ నో"లతో మొదలైన ప్రశ్న చివర గొంతు కొద్దిగా పైకి లేవాలి. మాటలన్నీ సరిగ్గా ఉండి గొంతు బరువుగా కిందికి దిగితే విచారణలా ఉంటుంది. మన గోదావరి యాసలో చివరి అచ్చు సాగుతుంది కదా, ఆ సాగదీతను ఇంగ్లీషుకి తేకండి, లేపడం మాత్రం ఉంచుకోండి. "కుడ్"ని నొక్కి పలక్కూడదు, నొక్కితే "కనీసం ఇదైనా చెప్పగలవా" అన్నట్టు వెటకారం అవుతుంది. బరువు అసలు విషయం మీద పడాలి: "టికెట్ కౌంటర్" మీద, "పేమెంట్" మీద.

రాసేటప్పుడు ప్రశ్నార్థకం ఎప్పుడు పెట్టాలి?

మొదటి ముక్క ప్రశ్న అయితేనే. "కుడ్ యూ టెల్ మీ" వాక్యానికి పెట్టాలి. "ఐ వాజ్ వండరింగ్", "ఐ'డ్ లైక్ టు నో" మామూలు వాక్యాలు, చుక్క పెట్టి ఆపాలి.

ఎప్పుడు వద్దు?

ప్రమాదంలో వద్దు. "కాల్ ఎ డాక్టర్!", "స్టాప్ ద బోట్!" అని అరవాలి. 108కి ఫోన్ చేసి వండరింగ్ అనుకుంటూ కూర్చోలేం. రోజూ పక్కనే కూర్చునే స్నేహితుడితోనూ మోతాదు మించితే అలిగారేమో అనుకుంటాడు. ఒకే మెయిల్లో ప్రతి వాక్యం "ఐ వాజ్ వండరింగ్"తో మొదలైతే చదివేవాళ్లకి ఏది ముఖ్యమో తెలియదు. ఒకసారి మర్యాదగా మొదలుపెట్టి, మిగిలినవి సూటిగా రాయండి.

ఇంట్లో ఎలా సాధన చేయాలి?

రోజూ ఐదు మామూలు ప్రశ్నలు తీసుకోండి, మీ పనికి సంబంధించినవే. రెండు "ఈజ్"తో, రెండు "డజ్" లేదా "డిడ్"తో, ఒకటి ప్రశ్న పదం లేనిది. ముందు తెలుగులో "ఎక్కడుందో", "ఎప్పుడొస్తుందో", "ఉందో లేదో" అని పైకి అనండి, వెంటనే "కుడ్ యూ టెల్ మీ"తో ఇంగ్లీషులో అనండి. ఫోన్లో రికార్డు చేసి రెండే విషయాలు వినండి: "ఈజ్" వెనక్కి వెళ్లిందా, చివరి "స్" పలికిందా. రాసుకుని చదవడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు, వరస నోటికి అలవాటు కావాలి.

మమ్మల్నే ఎవరైనా ఇలా అడిగితే?

"కుడ్ యూ టెల్ మీ హౌ టు గెట్ టు అంతర్వేది?" అంటే "యెస్" అని ఊరుకోకూడదు, దారి చెప్పాలి. "షూర్. టేక్ ద ఫెర్రీ ఫ్రమ్ నరసాపురం టు సఖినేటిపల్లి, దెన్ ఎ బస్ ఆర్ ఎన్ ఆటో." తెలియకపోతే "ఐ డోంట్ నో" అని తుంచేయకుండా "ఐ'మ్ అఫ్రెయిడ్ ఐ'మ్ నాట్ షూర్, బట్ దే మే నో ఎట్ దట్ టీ షాప్" అని చెయ్యి చూపించండి.